కొండ కింద కుంటకు సిమెంటు అడుగు వద్దు

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో కొండ కింద ఉన్న కుంటను బాగుచేసి రెండేళ్లు దాటింది. ఆ కుంటకు దిగువన, నూట యాభై గజాల దూరంలో, ఒకప్పుడు ఊరంతా తాగిన మంచినీళ్ల దిగుడు బావి ఉంది. కుంట పాడుబడి ఉన్నన్నాళ్లూ ఆ బావిలో ఎంతో కొంత నీరు ఉండేది. కుంట బాగుపడ్డాక వచ్చిన మొదటి ఎండాకాలమే బావి అడుగు కనిపించింది. ఈ ఏడు మాఘమాసం వెళ్లకముందే పూర్తిగా ఎండిపోయింది. ఎందుకిలా అయిందో ఊళ్లో చాలామందికి అంతుపట్టలేదు. నాకు తెలుసు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. నేను చెబుతుంటే మా పెద్దమ్మాయి రాస్తోంది.

మాది వడ్డెర కుటుంబం. కొండవీటి కొండల పక్కన చిన్న ఊరు. మా తాత రాళ్లు కొట్టేవాడు, మా నాన్న బావులు తవ్వేవాడు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు నాకు 13 ఏళ్లు. పల్లంలో ఉన్న ఊళ్లు పండగ చేసుకున్నాయి. మా ఊరు మెరక, కాలువ నీళ్లు మాకు ఎక్కవు. ఆ మరుసటి ఎండాకాలం మా నాన్న నన్ను మొదటిసారి బావిలోకి దింపాడు. తట్టలో మట్టి ఎత్తి, పైనుంచి లాగే మోకుకు కట్టడం నా పని. అలా మొదలుపెట్టి దాదాపు నలభై ఏళ్లు బావులు తవ్వాను, పూడికలు తీశాను, రాతి కట్టుబడి చేశాను. బోర్లు వచ్చాక పని తగ్గిపోయింది. ఇప్పుడు గుంటూరులో నల్లపాడు వైపు మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను.

బావి తవ్వేది ఎండలు ముదిరాకే. చైత్రం, వైశాఖాల్లో నీళ్లు బాగా దిగిపోయినప్పుడు పడిన జలే నమ్మదగ్గ జల. వానాకాలంలో ఎక్కడ తవ్వినా చెమ్మ వస్తుంది, అది నిలవదు. మా వైపు పైన రెండు మూడు గజాలు మట్టి ఉంటుంది. దాని కింద గరుసు, ఆ కింద పుచ్చిన రాయి, ఆ తర్వాత గునపానికి లొంగని గట్టి రాయి. బావి నీళ్లు ఉండేది ఆ పుచ్చిన రాతి పొరలో. గట్టి రాయి తగిలిన తర్వాత ఏదైనా బీటలో జల దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. బోర్లు వందల అడుగులు దిగి తోడేది ఆ బీటల్లో నీళ్లనే. అవి మళ్లీ నిండటానికి ఏళ్లు పట్టొచ్చు. పై పొర అలా కాదు, ఒక్క మంచి వానాకాలం వస్తే నిండుతుంది. కాకపోతే కొండ మీంచి ఉరికి వచ్చే నీటిని కింద కొన్నాళ్లు ఆపి పెట్టే కుంట ఒకటి ఉండాలి. కుంట లేకపోతే ఆ నీళ్లు పూట తిరక్కుండానే వాగులో కలిసి పోతాయి.

బావికి రాతి కట్టుబడి చేసేటప్పుడు, నీరు ఊరే మేర ఎక్కడా సున్నం పెట్టేవాళ్లం కాదు. ఒట్టి రాళ్లే ఒకదాని మీద ఒకటి కుదురుగా పేర్చేవాళ్లం. "ఒరే, రాయికీ రాయికీ మధ్య చీమ దూరే సందు వదులు. నీళ్లు లోపలికి వచ్చే గుమ్మం అదే" అనేవాడు మా నాన్న. సున్నం పని పైన వరద నీరు తగిలే చోట, గట్టు దగ్గర మాత్రమే. చదువు లేని మా నాన్నకు ఏది ఎక్కడ మూయాలో, ఏది ఎక్కడ తెరిచి ఉంచాలో బాగా తెలుసు.

మా కుంటకూ బావికీ ఉన్న సంబంధం ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసేది. బావికి 32 మెట్లు. వినాయక చవితికి కుంట నిండి అలుగు పారితే, దసరా నాటికి బావిలో నాలుగైదు మెట్లు కొత్తగా మునిగేవి. కుంట అడుగున ఇంకిన నీళ్లు బావి దాకా రావడానికి అంత కాలం పట్టేదన్నమాట. సంక్రాంతికి పన్నెండో మెట్టు ఇంకా నీళ్లలోనే ఉంటే, బావి పక్క చేలవాళ్లు ధైర్యంగా వంగ, టమాటా నాటేవాళ్లు. పన్నెండో మెట్టు బయటపడితే జొన్న చల్లుకుని ఊరుకునేవాళ్లు. అప్పట్లో మాకు ఆ మెట్లే కొలత.

కుంటలోకి నీళ్లు వచ్చే దారి కూడా ఎంతో ఆలోచించి కట్టింది. కొండ మీది రెండు లోయల నుంచి దిగే నీటిని రాళ్లు పేర్చిన కాలువ ఒకటి కలుపుకుని వచ్చేది. కుంటలో పడే ముందు చిన్న గుంట ఉండేది. ఇసుక, ఒండ్రు, ఆకులూ అలములూ అందులో దిగిపోయి, తేట నీరు మాత్రం కుంటలోకి పొర్లేది. ఏటా వైశాఖంలో ఇంటికొకరు చొప్పున వచ్చి ఆ గుంట పూడిక, కుంట పూడిక తీసేవాళ్లు. ఎత్తిన మట్టికి గిరాకీ ఎక్కువ. చెరువు మట్టి వేసిన చేను ఎలా పండుతుందో రైతుకు తెలుసు కాబట్టి బండ్లు కట్టుకుని వాళ్లే తోలుకుపోయేవాళ్లు. ఎవరూ ఎవరికీ డబ్బులు ఇచ్చేది లేదు. మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి గుడి దగ్గర పులిహోర, అంతే.

కాలువలు వచ్చాక పల్లపు ఊళ్లు బావుల్ని మరిచిపోయాయి. బోర్లు వచ్చాక మేమూ మరిచిపోయాం. ముందు ఒండ్రు గుంట పూడింది. తర్వాత రాళ్ల కాలువ మీదుగా రోడ్డు పడింది. రోడ్డు కింద పెట్టిన తూము చిన్నది, రెండు వానాకాలాలకే పూడుకుపోయింది. కుంటలో సర్కారు తుమ్మ అడివిలా పెరిగింది. అయినా కొంత వాననీరు పక్కల నుంచి దారి వెతుక్కుంటూ వచ్చి కుంటలో ఇంకేది. అందుకే పాడుబడిన కుంట కూడా మా బావిని బతికించింది.

బాగుచేసే పని మొదలైందని తెలిసినప్పుడు సంతోషం పట్టలేక బస్సెక్కి ఊరికి వెళ్లాను. తుమ్మ కొట్టేశారు, పొక్లెయినుతో పూడిక తీశారు. అక్కడిదాకా చాలా మంచి పని. అడుగున పాత గరుసు బయటపడింది. చిన్నప్పుడు మా నాన్నతో పాటు ఎత్తిన గరుసు అది. గుప్పెడు చేతిలోకి తీసుకుని చూసుకున్నాను. వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి కాంక్రీటు పోస్తున్నారు. చుట్టూ గోడలకు ప్లాస్టరింగు, పైన టైల్స్, రెయిలింగు, లైట్లు. కొండ మీంచి మట్టి కొట్టుకురాకూడదని వరద వచ్చే వైపు కూడా గోడ పెట్టేశారు. పని చేయిస్తున్న కుర్రాణ్ణి అడిగాను, "మరి నీళ్లు ఎటునుంచి వస్తాయి బాబూ?" అని. "బోరు నుంచి పైపు వేస్తున్నాం తాతా, ఎప్పుడూ నిండుగా ఉంటుంది" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. ఎస్టిమేటులో రాసిందే చేశాడు. చుక్క కూడా బయటికి పోకపోతే అది మంచి కుంట అని ఎవరైనా అనుకుంటారు. ఊరి పెద్దలకు చెప్పి చూశాను. వయసులో పెద్దవాడినని మర్యాదగా విన్నారు, కానీ సగం పని అయిపోయిందన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు జరుగుతున్నది ఇది. బోరు నీళ్లు తోడి కుంట నింపుతారు. ఎండకు ఆవిరై తగ్గుతుంది, పాచి పడుతుంది, మళ్లీ బోరు మోటారు వేస్తారు. భూమి కింద దాచుకోవాల్సిన నీళ్లను పైకి తీసి ఎండలో పెడుతున్నాం. కొండ నీళ్లేమో గోడకు తగిలి రోడ్డు మీదికి మళ్లి వాగులోకి పోతున్నాయి. దిగువ బావికి ఇంకి వచ్చే నీళ్లు లేవు. మా అక్కకు 76 ఏళ్లు, ఇప్పటికీ అదే ఊళ్లో ఉంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ బావి నీళ్లు తాగిన మనిషి. ఇప్పుడు టిన్ను నీళ్లు కొనుక్కుని, గిన్నెలు కడిగిన నీళ్లు మళ్లీ కరివేపాకు చెట్టుకు పోసుకుంటోంది. "మన నాన్న కట్టిన బావిరా, ఊరికే వదిలేస్తామా?" అని ఫోన్లో ఏడ్చింది.

మా చిన్నవాడు ఆర్మీలో పని చేస్తాడు. వాడికి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు నేనూ నా భార్యా వెళ్లి ఇరవై రోజులు ఉన్నాం. హిమాలయాల్లో నీళ్లకు కొదవేమిటి అనుకుంటూ వెళ్లాను. నదులన్నీ కింద లోయల్లో ఉన్నాయి. ఊళ్లు కొండల మీద ఉన్నాయి. వాళ్లకు తాగునీరు ఊటల నుంచే రావాలి. ఆ కుమావూన్ కొండల్లో ఊట మీద చిన్న రాతి గది కట్టి, లోపల మెట్లు మెట్లుగా కిందికి సన్నబడే తొట్టి అమరుస్తారు. దాన్ని నౌలా అంటారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్తారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు నౌలాకు పూజ చేస్తుంది. నేను గబగబా తొట్టి రాళ్లు తడిమి చూశాను. రాళ్ల మధ్య సందులు వదిలే ఉన్నాయి! మా నాన్న చెప్పిన చీమ దూరే సందే. అంత దూరాన, మన భాష రాని మేస్త్రులు, ఎన్నో తరాల కిందట అదే పని అదే పద్ధతిలో చేశారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అక్కడే ఇంకో నౌలా కూడా చూపించాడు మావాడు. లోపలంతా సిమెంటు పూసి శుభ్రంగా ఉంది, నీళ్లు మాత్రం లేవు. సిమెంటుతో బాగుచేశాక ఊట ఆగిపోయిన నౌలాలు ఆ కొండల్లో చాలా ఉన్నాయట. నీరు వచ్చే సందులు మూసేస్తే ఊట ఇంకో దారి చూసుకుంటుంది. మా కుంటకు ఇక్కడ జరిగింది కూడా ఇలాంటిదే. అక్కడ రావాల్సిన నీటిని సిమెంటు ఆపింది, ఇక్కడ ఇంకాల్సిన నీటిని ఆపింది.

అదే రాష్ట్రంలో పౌడీ గఢ్వాల్ జిల్లా ఉఫ్రైంఖాల్ అనే చోట సచ్చిదానంద భారతి అనే స్కూలు టీచరు చేసిన పని గురించి మా అమ్మాయి చదివి వినిపించింది. ఆయన పెద్ద చెరువులేమీ కట్టలేదు. కొండవాలు మీద చిన్న చిన్న గుంటలు తవ్వించాడు, పక్కన చెట్లు పెట్టించాడు. ఊళ్లో ఆడవాళ్లే ముందుండి చేశారు. గుంటల్లో ఆగిన వాననీరు ఇంకి, ఎండిపోయిన ఒక వాగు మళ్లీ పారింది. సూఖా రౌలా, అంటే ఎండు వాగు అని పిలిచే దానికి గాడ్‌గంగ అని పేరు పెట్టుకున్నారట. పేరు మార్చుకోవాల్సి వచ్చిందంటే వాళ్లు ఎంత సంతోషపడి ఉంటారో నాకు తెలుస్తుంది.

మన పెద్దలకు ఇవన్నీ తెలియనివి కావు. కొండవీటి కోట ఎక్కినవాళ్లు ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు చూసే ఉంటారు. ఎండకు మాడే ఆ బండల మీద రెడ్డిరాజులు రాజధాని పెట్టుకుని సైన్యాన్ని నిలిపారంటే ఆ చెరువుల వల్లే. కొండ కింద ఫిరంగిపురం దగ్గర పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ సంతానసాగరం అనే చెరువు తవ్వించింది. ఆ శాసనం రాసింది శ్రీనాథుడు. ఆ చెరువు నిండటానికి వాళ్లబ్బాయి రాచవేమారెడ్డి ఏకంగా ఒక కాలువే తవ్వించాడు. తల్లి చెరువు తవ్విస్తే కొడుకు దానికి నీళ్లు వచ్చే దారి తవ్వించాడు. మనం ఇప్పుడు మొదటిది చేసి రెండోది వదిలేస్తున్నాం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి కూడా అమ్మాయి చెప్పింది. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రెండేళ్లపాటు వెయ్యి మంది పని చేశారట, రాళ్లు తోలడానికి వంద బండ్లు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ ఆ రాతి మీద చెక్కించారు. నీళ్లు తక్కువ వచ్చే చోట చెరువు మరీ విశాలంగా ఉండటం ఒక దోషం. నీళ్లు తెలిసిన మనిషి ఒకడు దగ్గరుండటం ఒక అంగం. పని తెలిసిన కూలీలు ఉండటం ఇంకో అంగం. ఇది విని నాకు చాలా గర్వంగా అనిపించింది. మా వాళ్లు చేసే పనిని చెరువుకు అంగం అని లెక్కవేసిన కాలం ఒకటి ఉంది.

నేను సిమెంటుకు శత్రువును కాను. కొండ మీద బండలో ఉన్న చెరువు, దొన (రాతి గుంట), ఇవి నీళ్లు నిలపడానికి ఉన్నవి. వాటి గట్టు కారుతుంటే సున్నంతోనో సిమెంటుతోనో మూయాల్సిందే. కొండ కింద గరుసు నేలలో ఉన్న కుంట నీళ్లు ఇంకించడానికి ఉన్నది. దాని అడుగు ఎప్పుడూ మూయకూడదు. ఈ రెండింటికీ ఒకే ఎస్టిమేటు రాస్తున్నారు, అదే నా బాధ. ఏది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. పూడిక తీశాక అడుగు చూస్తే తెలుస్తుంది. దిగువన బావులున్నాయా, కుంట నిండితే వాటిలో నీరు పెరిగేదా అని ఊళ్లో పెద్ద వయసు ఆడవాళ్లను అడిగినా తెలుస్తుంది. ఏ నెలలో చేద తాడు ఎన్ని మూరలు వదలాలో వాళ్ల చేతులకు ఇప్పటికీ గుర్తే.

2023లో కేంద్రం విడుదల చేసిన మొట్టమొదటి లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో చెరువులు, కుంటలు అన్నీ కలిపి లక్షా 90 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో కొండల కింద ఉన్నవి ఎన్నో. బాగుచేసే ప్రతి కుంటకూ, ఇంజినీరు గారు ఒక్కసారి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని కొండ వైపు నడిచి రావాలని నా కోరిక. నీళ్లు ఎక్కడ పుడుతున్నాయి, ఎక్కడ దారి తప్పుతున్నాయి, ఏ రోడ్డు కింద తూము పూడింది అన్నది ఎండలో కాగితం మీద గీస్తే తెలియదు. ముందు ఆ దారి తెరిచి, ఒండ్రు గుంట తవ్వి, ఆ తర్వాతే కుంట ముట్టుకోవాలి. డబ్బులు మిగిలితే టైల్స్ వేసుకోవచ్చు.

పాత బావుల్లో పూడిక తీయించేవాళ్లకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1981లో మా బాబాయి కొడుకు, నాకు తమ్ముడు, చాలా ఏళ్లు మూతపెట్టి ఉన్న బావిలోకి దిగి మళ్లీ పైకి రాలేదు. అతన్ని తీయడానికి దిగబోయిన ఇంకొకర్ని గట్టిగా పట్టుకుని ఆపాం కాబట్టి అతను బతికాడు. పాడుబడిన బావిలో గాలి చెడిపోతుంది, అది కంటికి కనిపించదు, వాసన కూడా ఉండకపోవచ్చు. మేం ముందు లాంతరు దింపి చూసేవాళ్లం. దీపం ఆరిపోతే దిగే మాటే లేదు. దీపం ఆరకపోయినా అన్ని రకాల చెడు గాలీ దానికి తెలియదు. ఇప్పుడు గ్యాస్ కొలిచే మిషన్లు ఉన్నాయి, అవి తెప్పించాలి. బయటి నుంచి బ్లోయరుతో గాలి పంపాలి. డీజిల్ ఇంజను బావిలోకి దింపకూడదు. నడుముకు మోకు లేకుండా, పైన ఇద్దరు మనుషులు లేకుండా ఎవర్నీ దింపకండి. కూలీ మనిషి ప్రాణం ఏ బావి కన్నా చిన్నది కాదు.

మా ఊరి విషయానికి వస్తే, అధికారులకు నా విన్నపం ఇది. మృగశిర కార్తె లోపు కుంట అడుగున కాంక్రీటు పగలగొట్టించి, ఆ షీటు తీయించండి. చుట్టూ గోడలు, లైట్లు అలాగే ఉండనివ్వండి, పిల్లలు సాయంత్రం అక్కడ కూర్చుంటున్నారు. వరద వైపు గోడ మాత్రం తీసేయాలి. పాత రాళ్ల కాలువ మట్టి కింద ఇంకా ఉంది. దాని మొదటి రాయి మీద మా తాత ఉలితో కొట్టిన అడ్డగీత ఒకటి ఉంటుంది. అది రోడ్డు నుంచి ఎన్ని అడుగుల్లో, ఏ వేపచెట్టుకు ఏ వైపు ఉందో నాకు తెలుసు. ఎవరు వచ్చినా తీసుకెళ్లి చూపిస్తాను. మోకాళ్ల నొప్పులున్నాయి గానీ నెమ్మదిగా ఎక్కగలను. గుంటూరు నుంచి తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ఎక్కకముందే కొండ దిగి రావచ్చు.

ఇట్లు,
ఒక బావుల మేస్త్రి,
నల్లపాడు, గుంటూరు.